చేతికి కట్టుకునే అడుగుల లెక్క: కొనాలా, వద్దా?



ఈమధ్య ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా ఒక కొత్త సంగతి గమనిస్తున్నాను. తాంబూలం అందుకోవడానికి చాపిన చేతుల్లో, గాజుల మధ్య, ఒక నల్లటి రబ్బరు పట్టీ. "ఏమిటండీ ఇది?" అంటే "ఫిట్‌నెస్ బ్యాండండీ, మావారు పెళ్ళిరోజుకి కొనిచ్చారు" అని ఒకావిడ, "మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు" అని ఇంకొకావిడ. ఎన్ని అడుగులు వేశామో చెబుతుందట. గుండె ఎంత కొట్టుకుంటోందో చెబుతుందట. రాత్రి ఎంతసేపు నిద్రపోయామో కూడా అదే చెబుతుందట. నిద్రపోయిన మనకు తెలియని సంగతి దానికెలా తెలిసిందో మరి!

పోయిన నెల నడక గురించి మాట్లాడిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఇదే అడిగారు: "అక్కయ్యా, రెండు మూడు వేలు పెట్టి ఇది కొనమంటారా, వద్దంటారా?" సూటిగా అడిగినదానికి సూటిగానే చెప్పాలి కదా. అడుగులు లెక్కపెట్టుకుని నడక పెంచుకుందామనుకునే మనిషికి ఇది పనికొచ్చే వస్తువే. బి.పి. చూసుకుందామనో, షుగరు చూసుకుందామనో, కట్టుకుంటే చాలు ఒళ్ళు తగ్గుతుందనో కొనేవారికి మాత్రం దండగ. ఒక్కొక్కప్పుడు దండగతో పోదు, ప్రమాదం కూడాను. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

కుక్కరు కొంటే గాస్కెట్టు చూస్తాం, మిక్సీ కొంటే జారు తిప్పి చూస్తాం. అలాగే ముందు ఈ పట్టీ లోపల ఏముందో చూద్దాం. నేను చదివింది పదో తరగతి వరకే. అయినా అడిగి తెలుసుకుంటే ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. ఇందులో ముఖ్యమైన పనిముట్లు రెండే. ఒకటి కదలికను పసిగట్టే చిన్న చిప్పు. యాక్సెలరోమీటరు అంటారు. చెయ్యి ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ, పక్కలకీ ఎలా కదులుతోందో అది కనిపెడుతూ వుంటుంది. మనిషి నడిచేటప్పుడు చెయ్యి ఒక తాళంలో ఊగుతుంది కదా, ఆ తాళాన్ని గుర్తుపట్టి ఇదొక అడుగు, ఇదింకో అడుగు అని లెక్క వేసుకుంటుంది. అంతేగాని మన కాళ్ళ సంగతి దానికి బొత్తిగా తెలియదు.

రెండోది అడుగువైపున మిణుకు మిణుకుమనే పచ్చదీపం. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం ఒక్కసారి పొంగి వస్తుంది. రక్తం ఎర్రనిది, పచ్చటి వెలుగును పీల్చేసుకుంటుంది. అంచేత రక్తం ఎక్కువగా వచ్చిన క్షణంలో తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది, రక్తం తగ్గినప్పుడు పెరుగుతుంది. ఆ తగ్గడం పెరగడం నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి గుండె వేగం చెబుతుంది. పట్టీ వదులుగా వుంటే వెలుగు పక్కలకు పోయి లెక్క తప్పుతుంది. మణికట్టు మీద దట్టమైన పచ్చబొట్టు వున్నా ఆ సిరా వెలుగును అడ్డుకుంటుంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి అక్కడే పచ్చబొట్టు వుంటుంది, గుర్తుంచుకోండి.

ఇది తెలిశాక మన వంటింటి సంగతి ఆలోచించండి. నేను ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర రెండు రకాలవి అడిగి తెచ్చుకుని, మూడు రోజులు మార్చి మార్చి కట్టుకుని ఇంటి పనులన్నీ చేసి చూశాను. పీట మీద కదలకుండా కూర్చుని కొబ్బరి తురుముతుంటే అడుగులు పడుతున్నాయి! చపాతీలు ఒత్తుతుంటే నడిచినట్టు రాసుకుంటోంది. సూపర్‌ మార్కెట్టులో తోపుడుబండి పట్టుకుని అరగంట తిరిగితేనేమో చాలావరకు లెక్కలోకే రాలేదు. ఎందుకంటే చేతులు బండి మీద కదలకుండా వున్నాయి. మనవడిని చంకనేసుకుని డాబా మీద తిరిగే నాయనమ్మ పరిస్థితీ అంతే. నిండు బిందె రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కినా అంతే. మన పని మన చేతుల్లో వుంటుంది. చేతిని చూసి కాళ్ళ లెక్క చెప్పే వస్తువుకి మన రోజు సరిగా అర్థం కాదు. దాన్ని తయారుచేసినవాళ్ళ మనసులో వున్నది రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిచే మనిషి.

అయితే పారేద్దామా? ఆగండి. ఇక్కడే ఒక మంచి కూడా వుంది. ఆ మంచి కోసమే నేను దీన్ని పూర్తిగా వద్దనలేకపోతున్నాను.

"పొద్దున్న అయిదింటికి లేచింది మొదలు రాత్రి పదింటిదాకా నిలబడే వుంటాను, నాకింకా వేరే నడకెందుకండీ?" ఈ మాట అనని గృహిణి వుండదు. నేనూ అన్నదాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024లో వెలువరించిన లెక్క ఒకటుంది. 2022లో మనదేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది చాలినంత శరీరశ్రమ చేయనివారేనట. అందులో మగవారు నూటికి 42 మంది అయితే, ఆడవారు 57 మంది. వినగానే కోపం వస్తుంది. ఆడవాళ్ళా శ్రమ చేయనిది!

కాని నిదానంగా ఆలోచిస్తే నిలబడటం వేరు, నడవడం వేరు. స్టౌ దగ్గర నుంచి సింకు దగ్గరికి మూడడుగులు, సింకు నుంచి ఫ్రిజ్ దగ్గరికి రెండడుగులు. అపార్టుమెంటు వంటిల్లంటే అంతే కదా. కాళ్ళు పీకుతాయి, నడుం లాగుతుంది, ఒళ్ళు అలిసిపోతుంది. గుండె వేగం పెరిగి ఊపిరి కాస్త జోరుగా ఆడే పని మాత్రం అందులో తక్కువ. బట్టలు చేత్తో ఉతకడం, వంగి నేల తుడవడం, రుబ్బురోలు తిప్పడం నిజమైన శ్రమే, కాదనను. పట్నాల్లో ఆ పనులు సగం మిషన్లకి, సగం పనమ్మాయికి పోయాయి. మనకు మిగిలింది నిలబడి చేసే పని. ఈ తేడాని మనకు మనమే ఒప్పుకోం. పట్టీ కట్టుకున్న రోజున సాయంత్రానికి అది "రెండువేల ఎనిమిది వందలు" అని చూపిస్తే, అందులో కొబ్బరి తురుము లెక్క కూడా కలిసిందని తెలిస్తే, అప్పుడు నోరు మూతపడుతుంది. ఆ ఒక్క నిజం చెప్పినందుకు దానికి దండం పెట్టవచ్చు.

ఇక అందరి నోటా వినిపించే ఆ పదివేల అడుగుల మాట. ఇది ఏ డాక్టరో పరిశోధన చేసి తేల్చిన అంకె అనుకుంటున్నారు చాలామంది. కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్సు జరిగాయి. ఆ ఊపులో జపాను జనానికి వ్యాయామం మీద మోజు పుట్టింది. 1965లో యమాసా అనే కంపెనీవారు నడుముకి తగిలించుకునే అడుగుల లెక్క మిషను ఒకటి తయారుచేసి "మంపోకెయ్" అని పేరు పెట్టారు. జపాను భాషలో "మన్" అంటే పదివేలు, "పో" అంటే అడుగు, "కెయ్" అంటే కొలిచేది. పదివేల అడుగుల మీటరన్నమాట. గుండ్రటి అంకె, పలకడానికి బాగుంది, అమ్మకానికి పనికొచ్చింది. అదే తిరిగి తిరిగి ఇన్నేళ్ళకు మన చేతి పట్టీలోకి వచ్చి కూచుంది.

మరి నిజంగా ఎన్ని నడవాలి? అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలకు చెందిన ఐ-మిన్ లీ అనే ఆవిడ, మరికొందరు కలిసి 2019లో ఒక పరిశీలన ప్రకటించారు. సగటున 72 ఏళ్ళ వయసున్న దాదాపు 17,000 మంది స్త్రీల నడకను మిషన్లతో కొలిచి, తర్వాత నాలుగైదేళ్ళపాటు వాళ్ళ యోగక్షేమాలు కనిపెట్టి చూశారు. రోజుకి 2,700 అడుగులు నడిచినవారితో పోలిస్తే 4,400 నడిచినవారిలో మరణాలు నూటికి 41 వంతులు తక్కువగా కనిపించాయి. నడక పెరిగినకొద్దీ మేలు పెరిగింది. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ మేలు అక్కడితో నిలిచింది, తర్వాత ఎంత నడిచినా పెద్ద తేడా లేదు. ఆరోగ్యం బాగున్నవాళ్ళే ఎక్కువ నడుస్తారు కాబట్టి అంతా నడక మహిమేనని చెప్పలేం. అయినా, పదివేలు రాలేదని రాత్రి తొమ్మిదింటికి మోకాళ్ళ నొప్పులతో హాల్లో ప్రదక్షిణాలు చేసే అత్తయ్యలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. మూడువేలు నడిచే మనిషి అయిదువేలు నడిస్తే అది చాలా గొప్ప.

పట్టీ కట్టుకుంటే నడక నిజంగా పెరుగుతుందా అన్నది అసలు ప్రశ్న. పెరుగుతుందనే అంటున్నారు. ఇటువంటి పరిశీలనలు ఎన్నో కలిపి చూసి 2022లో లాన్సెట్ వారి డిజిటల్ హెల్త్ పత్రికలో ఒక నివేదిక వేశారు. కట్టుకున్నవారు సగటున రోజుకి 1,800 అడుగులు ఎక్కువ నడిచారు. బరువు మాత్రం సుమారు ఒక కిలో తగ్గారు. ఒక్క కిలో! ప్రకటనల్లో చూపించే సన్నటి అమ్మాయి నడుముకీ దీనికీ ఎంత దూరం వుందో చూశారా?

అంతకన్నా విచిత్రమైన సంగతి 2016లో బయటపడింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు 471 మంది చేత రెండేళ్ళపాటు బరువు తగ్గే కార్యక్రమం చేయించారు. అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం ఒకటే. కొంతకాలం తర్వాత కొందరికి పట్టీలు ఇచ్చారు, మిగతావారిని వాళ్ళ లెక్కలు వాళ్ళనే రాసుకోమన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి పట్టీలు లేనివారు 5.9 కిలోలు తగ్గితే, పట్టీలు కట్టుకున్నవారు 3.5 కిలోలే తగ్గారు. ఎందుకిలా జరిగిందన్నదానికి తలా ఒక కారణం చెబుతారు. నాకు తోచింది మాత్రం మన ఇళ్ళల్లో రోజూ చూసేదే. "ఇవాళ నా పట్టీ నాలుగు వందల క్యాలరీలు ఖర్చయ్యాయని చెప్పింది, ఒక లడ్డూ తింటే ఏం పోయింది?" అని లడ్డూ నోట్లో వేసుకోవడం. ఆ క్యాలరీల అంకె ఎంత నిజమో కూడా తెలుసుకోండి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం వారు 2017లో ఏడు రకాల పట్టీలను 60 మందికి కట్టి పరీక్షించారు. గుండె వేగం ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి ఏడింటిలోకీ మంచిదే సగటున నూటికి 27 వంతులు తప్పు చెప్పింది. అన్నిటికన్నా చెడ్డది 93 వంతులు తప్పు. అటువంటి తక్కెడతో కూరగాయలవాడు తూచి ఇస్తే ఊరుకుంటామా మనం? అంచేత ఆ క్యాలరీల గడి వైపు చూడకండి. దాన్ని నమ్ముకుని లడ్డూ అసలు తినకండి.

ఇక్కడ మగవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. "ఫోనులోనే అడుగుల లెక్క వుందిగా, మళ్ళీ ఇదెందుకు?" నిజమే. ఇప్పటి ఫోనుల్లో చాలావాటిలో ఆ ఏర్పాటు వుంది, పైసా ఖర్చు లేదు. వాళ్ళకేం, చొక్కా జేబులోనో ప్యాంటు జేబులోనో ఫోను పడేసుకుని తిరుగుతారు. చీరకి జేబేదీ? మన ఫోను పొద్దున్నుంచి ఫ్రిజ్ మీద కూచుని వుంటుంది, లేదా పూజగదిలో సుప్రభాతం వినిపిస్తూ వుంటుంది. మనం ఇల్లంతా తిరుగుతాం, అది కూచుంటుంది. రాత్రి చూస్తే మనం రోజంతా మంచం మీద పడుకున్నట్టు లెక్క చెబుతుంది. చీర కట్టుకునే ఆడదానికి పట్టీ వల్ల నిజమైన సౌకర్యం ఏదైనా వుంటే అది ఇదే, ఒంటినే అంటిపెట్టుకుని వుండటం.

అయినా కొనేముందు నేను చెప్పే చిన్న పని చేయండి. పాత జాకెట్టు గుడ్డతో ఫోను పట్టేటంత సంచీ కుట్టి, నాడా వేసి, నడుముకి కట్టుకోండి. పద్నాలుగు రోజులు అలా తిరగండి. రోజూ రాత్రి ఆ అంకెని క్యాలెండరులో, పాల లెక్క పక్కనే రాయండి. మొదటివారం మామూలుగా వుండండి. రెండోవారం రోజూ ఒక అరగంట నడక కలపండి. రెండోవారం అంకె పెరిగితే, అది చూసి మీకు హుషారు పుడితే, అప్పుడు పట్టీ కొనుక్కోండి, మీ డబ్బు వృథా పోదు. నాలుగోరోజుకే రాయడం మానేశారా, మూడు వేల రూపాయల పట్టీ కూడా మూడో నెలకి బీరువా సొరుగులో చేరుతుంది. మా వీధిలో అలా సొరుగుల్లో పడుకున్నవి నాకు తెలిసి నాలుగున్నాయి.

అంకెలంటే గిట్టనివారికి గోడ గడియారం చాలు. చురుకైన నడక అంటే నిమిషానికి సుమారు వంద అడుగులు. అంటే పది నిమిషాలకి వెయ్యి. నడుస్తూ పక్కనున్నవారితో మాట్లాడగలగాలి గాని, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం ఇటువంటి శ్రమ వారానికి కనీసం 150 నిమిషాలు వుండాలి. వారానికి అయిదు రోజులు, రోజుకి అరగంట. దీనికి ఏ పట్టీ అక్కర్లేదు. కావలసింది ఒక జత మంచి బూట్లు, తోడుగా వచ్చే ఒక స్నేహితురాలు, పొద్దున్న ఆ అరగంట కాఫీ ఎవరికి వాళ్ళు కలుపుకుంటారన్న ఒప్పందం. మూడోది దొరకడమే కష్టం. పట్టీ కొనివ్వడానికి ముందుకొచ్చిన మావార్లని ఆ అరగంట కూడా ఇమ్మని అడగండి.

ఇక నేను ప్రమాదమన్న విషయానికి వస్తాను. చవకరకం వాచీల పెట్టెల మీద "బి.పి. చూస్తుంది, ఆక్సిజను చూస్తుంది" అని పెద్ద అక్షరాలతో రాసి వుంటుంది. లోపల కాగితంలో చీమతలకాయంత అక్షరాలతో "ఇది వైద్య పరికరం కాదు" అని వుంటుంది. పెద్ద అక్షరాలు కొనేదాకా, చిన్న అక్షరాలు కొన్న తర్వాత.

మా పక్క వాటాలో వుండే పిన్నిగారికి అరవై దాటాయి. ఎన్నో ఏళ్ళుగా బి.పి. మాత్ర వేసుకుంటున్నారు. ఒకరోజు మాటల్లో "పిన్నిగారూ, మాత్రలు తెప్పించుకున్నారా, నేను మందుల షాపుకి వెళుతున్నాను" అన్నాను. "ఎందుకమ్మా, అబ్బాయి తెచ్చిన వాచీలో రోజూ నూట ఇరవై, ఎనభై చూపిస్తోంది. నెలరోజులై మానేశాను, హాయిగా వుంది" అన్నారు. నాకు గుండె జారినంత పనైంది. ఆవిడ్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూస్తే 172, పైగా కిందది 100. ఇంటికి వచ్చాక ఆ వాచీని అడిగి తీసుకుని, వంటింట్లో వున్న లేత సొరకాయకి కట్టాను. కాసేపు గింజుకుంది. తర్వాత సొరకాయకి బి.పి. 118, 76 అని చూపించింది. నాడి కూడా కొట్టుకుంటోందట! పిన్నిగారు నవ్వలేదు. మర్నాటినుంచి మాత్ర వేసుకుంటున్నారు.

ఎందుకిలా జరుగుతుందంటే, బి.పి. అంటే రక్తం నాళాన్ని ఎంత ఒత్తిడితో నెడుతోందో కొలవడం. అందుకు జబ్బకి పట్టీ చుట్టి, గాలితో బిగించి, వదులుతూ చూడాలి. ఉత్త వెలుగుతో చేసేది కొలత కాదు, ఊహ. పేరున్న కంపెనీ సామ్‌సంగ్ వారే తమ వాచీలో బి.పి. ఏర్పాటుకి 28 రోజులకొకసారి గాలిపట్టీ మిషనుతో సరిచూసుకోవాలని నిబంధన పెట్టారు. ఆ మిషను ఎలాగూ కావాలన్నప్పుడు ముందు అదే కొనుక్కోవచ్చు కదా. జబ్బకి చుట్టుకునే బి.పి. మిషను దాదాపు రెండువేల రూపాయలకి మందుల షాపులో దొరుకుతోంది. ఇంట్లో బి.పి. మనిషి వుంటే, వున్న డబ్బు ఒక్కదానికే సరిపోతే, నిస్సందేహంగా ఆ మిషనే కొనండి. చూసుకునేముందు అయిదు నిమిషాలు కుదురుగా కూచోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టుకోవాలి. కాఫీ తాగి అరగంట కాకముందు చూడకండి.

షుగరు సంగతి ఇంకా ఘోరం. వేలికి సూది గుచ్చకుండా, ఒంట్లోకి ఏదీ గుచ్చకుండా షుగరు చెప్పేస్తామని కొన్ని వాచీలు, ఉంగరాలు అమ్ముతున్నారు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను పరీక్షించి అనుమతించే ఎఫ్.డి.ఏ. సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. అటువంటి వాచీకిగాని ఉంగరానికిగాని తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి ఇన్సులిను మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి రావచ్చని చెప్పింది. డాక్టర్లు జబ్బ మీద అంటించే, సన్నటి తీగ చర్మం లోపలికి వెళ్ళే పరికరం వేరు. దాన్నీ దీన్నీ కలపకండి. పండగ తగ్గింపుల్లో పన్నెండు వందలకి "షుగరు వాచీ" అని వస్తే, అది ఎంత తగ్గింపైనా వద్దు.

అన్నీ తిట్టడమేనా అంటారేమో. ఖరీదైన రకాల్లో ఒక మంచి పని వుంది, దాన్ని దాచకూడదు. గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకోవడమనే జబ్బు పెద్దవయసులో కొందరికి వస్తుంది. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. ఆపిల్ కంపెనీ డబ్బుతో స్టాన్‌ఫర్డు వారు నాలుగు లక్షల పైచిలుకు మంది మీద చేసిన పరిశీలన ఫలితాలు 2019లో వచ్చాయి. వాచీ హెచ్చరిక చేసింది నూటికి సగం మందికి, అంటే రెండు వందల మందిలో ఒకరికి. హెచ్చరిక వచ్చినవారిలో కొందరికి డాక్టర్లు తగిన పరికరం అమర్చి చూస్తే, మూడోవంతు మందికి ఆ జబ్బు బయటపడింది. కాబట్టి అటువంటి హెచ్చరిక వస్తే కంగారు పడకండి, కొట్టిపారేయకండి, డాక్టరు దగ్గర ఇ.సి.జి. తీయించుకోండి. ఇవి మామూలు పట్టీలకన్నా చాలా ఖరీదు. గుండెజబ్బు వుండి డాక్టరు కొనమంటే వేరు గాని, అడుగులు లెక్కపెట్టుకోవడానికి అంత పోయడం మన సంసారాలకి తగదని నా అభిప్రాయం.

నిద్ర గురించి ఎక్కువ చెప్పను. మంచంమీద కదలకుండా పడుకుని రేపటి టిఫిను గురించి ఆలోచిస్తున్నా అది నిద్ర కిందే రాసుకోవచ్చు. దాని మార్కులు చూసి "నాకు గాఢనిద్ర తక్కువైందట" అని దిగులుపడి, ఆ దిగులుతో నిద్ర పోగొట్టుకునేవారున్నారు. 2017లో కొందరు వైద్యులు దీనికి ఆర్థోసోమ్నియా అని ఒక పేరు కూడా పెట్టారు. పొద్దున్న లేచాక మీకు ఒళ్ళు తేలిగ్గా వుంటే మీరు నిద్రపోయినట్టే.

ఇంకొకటి. ఈ పట్టీ ఒంటరిగా పనిచేయదు, ఫోనులో దాని యాప్ పెట్టుకోవాలి. అది మీ వయసు, బరువు, ఎక్కడ తిరిగారు, ఆఖరికి నెలసరి తేదీలు కూడా అడుగుతుంది. డాక్టరుకి చెప్పడానికే సిగ్గుపడే సంగతులు ముక్కూ మొహం తెలియని కంపెనీకి ఎందుకు? నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్ వారు గుట్టుగా వుంచుతామని చెప్పి, ఆ వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకి చేరవేశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను అభియోగం మోపింది. 2021లో ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. 2018 జనవరిలో ఇంకో విడ్డూరం. స్ట్రావా అనే యాప్ వారు జనం ఎక్కడెక్కడ పరిగెత్తుతున్నారో ప్రపంచపటం మీద గీతలుగా వేస్తే, ఎడారుల్లో రహస్యంగా వున్న సైనిక స్థావరాలు కూడా వెలుగుతూ కనబడ్డాయి, సైనికులు పట్టీలు కట్టుకుని పరిగెత్తడం వల్ల! అంతటివాళ్ళకే తప్పలేదు. ఒంటరిగా వాకింగుకి వెళ్ళే ఆడపిల్లలు తమ దారి, తమ వేళ ఎవరికీ కనబడకుండా ఆ యాప్‌లో కట్టేసుకోవాలి. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత "లొకేషను" అన్నది ఆపించండి. నెలసరి గడి ఖాళీగా వదిలేయండి. మన క్యాలెండరు మీద చుక్క పెట్టుకుంటే సరిపోతుంది.

కొనడానికే నిశ్చయించుకున్నవారికి నాలుగు మాటలు. అడుగులూ గుండె వేగమూ చూపే మామూలు పట్టీ చాలు. వెయ్యిన్నర, రెండువేలలో వస్తుంది. పెట్టెమీద ఎన్ని ఎక్కువ పనులు రాసి వుంటే అంత అనుమానించండి. ఒకసారి ఛార్జింగు పెడితే వారమైనా రావాలి, రోజూ పెట్టాల్సినదైతే మనకి మర్చిపోవడమే తప్ప పెట్టడం కుదరదు. అంకెలు కళ్ళజోడు లేకుండా కనబడుతున్నాయో లేదో షాపులోనే చూసుకోండి. పట్టీ కింద చెమట, సబ్బునీళ్ళు నిలిస్తే చర్మం ఒరుస్తుంది. అంట్లు తోమేటప్పుడు తీసేయండి, రాత్రి తుడిచి ఆరనివ్వండి. 2014లో ఫిట్‌బిట్ కంపెనీవారు "ఫోర్స్" అనే పట్టీని చాలామందికి దద్దుర్లు వచ్చినందువల్ల బజారునుంచి వెనక్కి తీసుకున్నారు. గిల్టు నగలు పడనివారు మరీ జాగ్రత్తగా వుండాలి.

చివరగా ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న. "అక్కయ్యా, మా అత్తగారు చేతికి గాజులు తప్ప ఇంకేమీ వుండకూడదంటారు, నాకేమో అడుగుల లెక్క కావాలి, ఏం చేయను?" ఆవిడతో పేచీ పడకు తల్లీ. నడుముకి తగిలించుకునే పాతరకం పెడోమీటరు ఇప్పటికీ కొన్ని వందల రూపాయలకి దొరుకుతోంది. దానికి యాప్‌తో పనిలేదు, రోజూ ఛార్జింగు పెట్టక్కర్లేదు, వాచీకి వేసే బొత్తాం బ్యాటరీ ఒకటి వేస్తే నెలల తరబడి నడుస్తుంది. కొబ్బరి తురిమినా అడుగు పడదు, తోపుడుబండి పట్టుకున్నా అడుగు పోదు. కుచ్చిళ్ళకి పక్కగా, తుంటి ఎముక దగ్గర, లంగా బొందుకి గట్టిగా తగిలించు. వదులుగా వేలాడితే మాత్రం లెక్క తప్పుతుంది.